నుదురు మాత్రం వద్దు

"నీ మొహం చూస్తే ఎవరి మీదో కేసు వేయబోతున్నట్టుంటుంది, రో" అన్నాడు మా ఆయన డరెల్, నా పుట్టినరోజున నేను ఒలిచిపెట్టిన రొయ్యలు తింటూ. అనేసి చేతిలో ఒక కవరు పెట్టాడు. లోపల టౌన్స్‌విల్‌లోని ఒక క్లినిక్ గిఫ్ట్ కార్డు. నుదుటి గీతలకి బొటాక్స్, ముక్కు పక్కనుంచి నోటిదాకా దిగిన మడతలకి ఫిల్లర్, రెండు రకాల ఇంజెక్షన్లూ ఒకే పూట.

నిజం చెప్పొద్దూ, లోపల కాస్త సంతోషపడ్డాను. ఆ మడతలు నాకూ ఇష్టం లేదు. నేను పనిచేసే మందుల షాపులో కొత్త మేనేజరు "కౌంటర్లో కాస్త ఫ్రెష్‌గా ఉన్నవాళ్లు ఉండాలి కదా" అంటూ నన్ను వెనకగదిలో పెట్టెలు సర్దడానికి పంపుతున్నాడు.

క్లినిక్‌కి మా చెల్లి లినెట్ తోడొచ్చింది. తనకి పుట్టు చెవుడు. చిన్నప్పుడు తన బడిలో చేతులతో మాట్లాడనిచ్చేవారు కాదు. పిల్లలు చేతుల మీద కూర్చుని, ఎదుటివాళ్ల పెదాలు చూసి నేర్చుకోవాలి. ఇంట్లోనూ అంతేనన్నారు టీచర్లు, అమ్మ భయపడి సరేనంది. భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరి చేతులూ తొడల కింద. ఇక మిగిలింది మొహమే. ఇవాళ ఎవరు కొట్టారు, ఎందుకు ఏడ్చావు, ఆ బఠాణీలు నాకిచ్చెయ్, అన్నీ కనుబొమలతోనే. పెద్దయ్యాక చేతులు విడిపించుకున్నాం కానీ ఆ అలవాటు పోలేదు. డరెల్ మాత్రం పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్క సైగా నేర్చుకోలేదు. "ఏమంటోంది మీ చెల్లి?" అని నన్నే అడుగుతాడు. ప్రతి క్రిస్మస్‌కీ అందరి మాటలూ లినెట్‌కీ, తన మాటలు అందరికీ చేరవేస్తుంటే నా పళ్లెం చల్లారిపోతుంది. ఆ చాకిరీ చేసే మొహానికే ఆయన చిరాకు మొహమని పేరుపెట్టాడు.

నర్సు బ్రోన్విన్ తెల్ల పెన్సిలుతో గుర్తులు పెడుతూ, "కనుబొమలు ఎత్తండి రొవీనా గారూ. అబ్బ, ఎంత లోతో. ఏంటండీ అంత దిగులు?" అంది.

"దిగులు కాదమ్మా, కబుర్లు."

"ఇది పడిందంటే మూడు నాలుగు నెలలు నుదురు కదలదు. ప్రశాంతంగా కనిపిస్తారు."

పక్కన కూర్చున్న లినెట్‌కి చేతులతో సంగతి చెప్పాను.

"చేయించుకో అక్కా. నాకు నీ చేతులు చాలు. అందంగా ఉంటావు" అంది తను.

చేతులు గబగబా చెప్పేశాయి. మొహం మాత్రం ఏమీ అనలేదు. లినెట్ నా ముందు మొహం అలా బిగించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

"మడతలు నింపెయ్ తల్లీ. అవి నాకే వద్దు. నుదురు మాత్రం ముట్టుకోకు" అన్నాను బ్రోన్విన్‌తో.

"రెండూ కలిపితేనే బాగా తెలుస్తుందండీ. మీవారు రెండింటికీ కట్టేశారు కూడా."

"అయితే ఆ నుదుటిది ఆయనకే పొడువు. మా చెల్లి కోసం ఏనాడూ నుదురు కదిపిన పాపాన పోలేదు. ఆయనకొచ్చే నష్టమేం లేదు."

ఆ మాట లినెట్‌కీ చెప్పాను, కనుబొమలు నెత్తికెక్కించి మరీ. తను పగలబడి నవ్వింది. బయట కూర్చున్నవాళ్లంతా తలుపు వైపు తొంగిచూశారు. "కాస్త మెల్లగా నవ్వమని చెప్పు మీ చెల్లికి" అని డరెల్ ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అదొక్కటే నేను తనకి ఏనాడూ చేరవేయలేదు.