ఎనిమిది మంది

మహిళా దినోత్సవానికి నలభై మందికి పులిహోర నేనే కలిపాను. పొద్దున్నే చింతపండు పులుసు ఉడికిస్తుంటే మా ఆయన మహీధర్ వెనక నుంచి, "ఎలాగూ స్పీచ్ నీదేగా, వంట కూడా నువ్వే చేసెయ్" అన్నాడు. ఆ రెండింటికీ సంబంధమేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

పెళ్లికి ముందు గుంటూరులో కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్పేదాన్ని. సింగపూర్ వచ్చి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో నేను పది నిమిషాలు వరసగా మాట్లాడితే విన్నవాళ్లు లేరు. అందుకే మా తెలుగు సంఘం కార్యదర్శి కృష్ణప్రసాద్ గారు "ఏదో ఒక దేశం ఆడవాళ్ల గురించి ఓ పది నిమిషాలు చెప్పమ్మా ఆమనీ" అనగానే, జురాంగ్ ఈస్ట్ లైబ్రరీలో నెల రోజులు కూర్చున్నాను. స్వీడన్ దొరికింది. అత్తగారు ఫోన్లో "ఆ స్వీడనోళ్ల గోల మనకెందుకే" అన్నారు. ఎందుకో చెప్పాలనే నా ఆశ. 1968లో అక్కడ ఎనిమిది మంది ఆడవాళ్లు ఒకచోట చేరి ఆడవాళ్ల బతుకుల గురించి చదువుకోవడం మొదలుపెట్టారు. చదివి చదివి రోడ్డు మీదికొచ్చారు. పిల్లల్ని చూసుకునే కేంద్రాలు అందరికీ కావాలన్నారు. వాళ్లూ, వాళ్లలాంటి వాళ్లూ అడగ్గా అడగ్గా, పసిబిడ్డ కోసం తండ్రి కూడా జీతంతో సెలవు తీసుకోవచ్చని 1974లో చట్టం వచ్చింది. అది చదువుతుంటే, నిఖిల పుట్టిన నాలుగో రోజున మహీధర్ ఆఫీసుకి తయారవుతూ "నీకేం, ఇంట్లోనేగా ఉండేది" అన్నది గుర్తొచ్చి అక్కడే ఏడ్చాను.

మహిళా దినోత్సవం రోజు, యూ టీ అనే పేటలో అద్దెకు తీసుకున్న హాలు. మైకు ముందు నిలబడి తలెత్తితే వరసల నిండా మగవాళ్లే. కార్యక్రమాల పట్టికలో నా ప్రసంగం పక్కనే, అదే సమయానికి, 'మహిళలచే భోజన ఏర్పాట్లు' అని ఉంది. పట్టిక వేసినవాళ్లకి అందులో తప్పేమీ కనపడలేదు. మా నిఖిల స్టేజీ దగ్గరకొచ్చి "అమ్మా, ఆంటీస్ ఆల్ ఇన్‌సైడ్ లా" అంది సింగపూర్ యాసలో, వంటగది వైపు చూపిస్తూ. మొదటి వరసలోంచి మహీధర్ వాచీ చూపించాడు.

"షార్ట్‌గా కానియ్. అందరికీ ఆకలేస్తోంది."

ముందు సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. కాగితాలు మడిచాను. "క్షమించండి, ఇది నేను లోపలున్న ఆడవాళ్ల కోసం రాసుకొచ్చాను" అని మైకులో చెప్పి దిగిపోయాను.

హాలు వెనక వంటగదిలో, పాతికేళ్లుగా సంఘం వంటలన్నీ నడిపించే ప్రభావతి ఆంటీ గరిటెతో సాంబారు కలుపుతోంది. "అప్పుడే అయిపోయిందా?" అంది.

"ఇంకా మొదలుపెట్టలేదు ఆంటీ. మీకే చెప్పాలి."

ఆమె స్టవ్ ఆపేసి, వంటలో ఉన్న ఆడవాళ్లందర్నీ పిలిచింది. ఎవరికి దొరికిన చోట వాళ్లు కూర్చున్నారు. లెక్కపెట్టాను. నాతో కలిపి ఎనిమిది మందిమి.

రెండో పేజీలో ఉండగా మహీధర్ తలుపు దగ్గరకొచ్చి, "ప్లేట్లు పెట్టట్లేదా?" అన్నాడు.

ప్రభావతి ఆంటీ తల తిప్పలేదు. "గిన్నెలన్నీ అక్కడే ఉన్నాయి నాయనా, తీసుకెళ్లి వడ్డించుకోండి. మేం వింటున్నాం."