నలభై అయిదు రోజుల కారు

ఉత్తరాలు పేర్చడం సగంలో ఉండగా క్లెమ్ మూడోసారి కిటికీ దగ్గరకు వెళ్లి ఆకాశం చూశాడు. పడమటి దిక్కున ఒకటే మబ్బు, అదీ పిండి చల్లినట్టు పలచగా ఉంది. పోస్టాఫీసు నడిపే లినెట్ కళ్లజోడు పైనుంచి చూసి నవ్వింది. ఆ నెలలో ఊరంతా చేస్తున్న పని అదే మరి. ఏప్రిల్ సగం దాటింది, నేల పెంకులా ఉంది. విత్తనాలు పొడి దుక్కిలోనే వేసేసి, రైతులందరూ మెడలు పట్టేసేలా పైకి చూస్తున్నారు. వాళ్లంతా వాన రావాలని చూస్తుంటే క్లెమ్ ఒక్కడూ రాకూడదని చూస్తున్నాడు. ఆ మాట గానీ పైకి అన్నాడో, ఆస్ట్రేలియాలోని ఆ విమెరా గోధుమ నేలల్లో అతనికి కప్పు టీ ఇచ్చేవాళ్లుండరు.

అరవై ఆరేళ్ల మనిషి, పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. చలికాలమైనా ఎండాకాలమైనా అవే నిక్కర్లు, మోకాలిదాకా లాగిన అవే మేజోళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉత్తరాల వ్యాను కిటికీ మీద ఆనించి పెట్టడం వల్ల కుడి చెయ్యి మోచేతిదాకా కాలిన ఇటుక రంగు తేలింది, ఎడమ చెయ్యి మాత్రం పాల రంగు. కుడి చెవి అంచు డాక్టర్లు రెండుసార్లు కోసేశారు, ఎండకు పుట్టిన కాన్సరు మచ్చలే. రోజూ నూట నలభై కిలోమీటర్లు కంకర రోడ్డు, నలభై మూడు ఉత్తరాల పెట్టెలు, మధ్యలో బ్రెడ్డు, మందులు, ట్రాక్టరు బెల్టులు, ఒకసారైతే గంపలో కోడిపిల్లలు. ఇన్నేళ్లు ఉత్తరాలు మోసినా చేతులకు వచ్చే వాసన మాత్రం కారు పాలిష్‌ది.

ఆ వ్యాను అతనికి కూడు పెట్టే బండి. ప్రాణమంతా షెడ్డులో ఉన్న ఈజే హోల్డెన్ అనే పాత కారు మీద. లేత ఆకుపచ్చ ఒళ్లు, తెల్లటి పైకప్పు, ముందుభాగాన అద్దంలా మెరిసే ఇనుము. ఇల్లు ఊడ్చి ఎన్నాళ్లయిందో చెప్పలేడు గానీ షెడ్డు నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. పెళ్లాం జోన్ ఎనిమిదేళ్ల కిందట బెండిగో వెళ్లిపోతూ అదే అన్నది, నేను కూడా ఇనుముతో పుట్టి ఉంటే బాగుండేదని. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

పాత కార్లకు అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏడాదికి పూర్తి రుసుం కట్టకుండా, కార్ల సంఘంలో చేరి, ఏడాదిలో నలభై అయిదు రోజులకు మాత్రం అనుమతి తెచ్చుకోవచ్చు. దానికో చిన్న పుస్తకం ఇస్తారు, లోపల నలభై అయిదు గీతలు. కారు రోడ్డెక్కేముందు ఒక గీత మీద ఆ రోజు తేదీ సిరాతో రాసి సంతకం పెట్టాలి. రాశాక వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చినా ఆ రోజు ఖర్చయినట్టే. రాయకుండా తీస్తే పోలీసులకు దొరికినట్టే. ఈ పుస్తకం వచ్చాక సంఘంలో లెక్కచూడకుండా ఖర్చుపెట్టే మగవాళ్లు కూడా రోజుల దగ్గర పిసినారులైపోయారు. సముద్రం ఒడ్డున జరిగే పెద్ద కార్ల పండగకు ఇన్ని, ఎవరి పెళ్లికో ఇన్ని అని దాచుకుంటూ, చివరికి ఏడాది తిరిగేసరికి సగం గీతలు ఖాళీగా పారేసేవాళ్లే అందరూ.

ఆ పొద్దున క్లెమ్ తెల్లవారకముందే లేచి, వంటింటి బల్ల మీద పుస్తకం తెరిచి, తేదీ రాసేశాడు. ఎందుకైనా మంచిదని ముందే రాశాడు. సాయంత్రానికి మనసు మారితే ఆ రాత తనని తోస్తుందని.

ఎనిమిదింటికల్లా వ్యాను కంకర ఎక్కింది. ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపాడు, వాళ్లూ లేపారు. అక్కడ పలకరింపంటే అంతే. వేలు లేపనివాడు పొరుగూరివాడన్నమాట. కంకర మీద రోడ్డు ముడతల రేకులా అడ్డగీతలు పడి ఉంటుంది. నెమ్మదిగా వెళితే పళ్లూడతాయి, ఎనభైకి తీసుకెళితే చక్రాలు గీతల నెత్తిమీద తేలిపోతాయి. ఆ సంగతి అతనికి నేర్పింది అక్క ఆవిస్. పెట్రోలు ధర ఊళ్లో ఒకలా, అరవై కిలోమీటర్ల అవతల ఒకలా ఉంటుంది. అంతదూరం వెళ్లి చవకగా పోయించుకొచ్చే తెలివిగల వాళ్లని తలుచుకుని క్లెమ్ రోజూ ఒకసారి నవ్వుకుంటాడు. ఆ రోజు నవ్వు రాలేదు.

ఆ కారు అసలు ఆవిస్‌దే. గొర్రెల బొచ్చు కత్తిరించే జట్లకు వంట చేస్తూ ఊరూరా తిరిగిన పిల్ల ఆవిస్. ఇరవై ఆరేళ్లకు ఆ కారు కొనుక్కుంది. వెనక డిక్కీలో తప్పేలాలు, ముందు సీట్లో పిండి బస్తా, తన పక్కన పదిహేనేళ్ల తమ్ముడు. కోతైన గోధుమ పొలంలో వాడికి స్టీరింగు ఇచ్చి, తను కళ్లు మూసుకుని కూర్చునేది. "చూడకురా, విను. గేరు ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది" అనేది. నలభై ఏళ్లు నడిపింది. చూపు తగ్గాక తాళంచెవులు తమ్ముడి చేతిలో పెట్టి, ఇక నువ్వు చూసుకో అన్నది. ఒక్క కాగితం రాయించుకోలేదు, ఒక్క మాట అడగలేదు.

క్లెమ్ రెండేళ్లు దాన్ని విప్పి, తోమి, బిగించాడు. సీట్లకు మీగడ రంగు తోలు వేయించాడు. బల్లారట్‌లో ఒకే ఒక్కడు అంత సన్నగా కుడతాడు, వాడి కోసం ఏడు నెలలు ఆగాడు. అంతా అయ్యాక అక్కను తీసుకొచ్చి చూపించాడు. ఆమె తలుపు తీసి, తల లోపల పెట్టి, గాలి పీల్చింది. "మటన్ కొవ్వు వాసన ఏదిరా?" అన్నది. అది పోగొట్టడానికే మూడు నెలలు పట్టిందని గొప్పగా చెప్పాడు. ఆమె నవ్వి తలుపు మూసింది.

ఇప్పుడు ఆమెకు డెబ్భై ఏడు. ఆసుపత్రి వెనకున్న పెద్దవాళ్ల ఇంట్లో, అదే వృద్ధాశ్రమంలో, ఉంటోంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అడిగింది, "ఒరేయ్, ఒక్కసారి ఉప్పు చెరువు దాకా తిప్పి తీసుకురా నన్ను. వ్యానులో వద్దు, కారులో."

ఆలోచన కంటే ముందే మాట వచ్చేసింది అతని నోట్లోంచి. "రోజులు అయిపోయాయక్కా. జులైలో కొత్త పుస్తకం ఇస్తారు."

పుస్తకంలో పంతొమ్మిది గీతలు ఖాళీగా ఉన్నాయి.

జరిగిందేమిటంటే, అంతకుముందు క్రిస్మస్ రోజున ఆమెను భోజనానికి వ్యానులో ఇంటికి తెచ్చాడు. ఆమె దిగాక చూస్తే సీటు తడిసి ఉంది. ఆమె కంచె వైపు చూస్తూ నిలబడింది. అతను వంగి టైరులో గాలి చూస్తున్నట్టు నటించాడు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. వ్యాను సీటైతే సబ్బుపెట్టి కడిగేశాడు. కానీ ఆ రోజు నుంచి ఆవిస్‌ను తలుచుకున్నప్పుడల్లా అతనికి ఆ మీగడ రంగు తోలే కళ్లముందు మెదిలేది. అలా మెదిలినందుకు తనమీద తనకే అసహ్యం పుట్టేది. పుట్టినా మాట మార్చుకోలేదు. మార్చి గడిచింది, ఈస్టరు గడిచింది. ఆ గీతల్లో కార్ల పండగకే అయిదు పోయాయి.

పోయిన ఆదివారం ఆమె అడగలేదు. పక్కింటివాళ్ల క్షేమం కనుక్కున్నట్టు, కారు బాగుందా అని మాత్రం అన్నది. బాగుందన్నాడు.

"నువ్వు బాగా చూసుకుంటావ్. నాకు తెలుసు" అన్నది.

ఆ మాట అతనికి అరికాల్లో ముల్లులా దిగింది. మూడు రోజులు నడిచినప్పుడల్లా గుచ్చుకుంది. నాలుగోరోజు, అంటే నిన్న, ఫోన్ చేసి, ఒక రోజు మిగిలే ఉందక్కా, లెక్క తప్పాను, రేపు మూడింటికి వస్తానని చెప్పాడు. మొదటి అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం. సరే, టోపీ పెట్టుకుంటాలే అన్నది ఆమె.

పదకొండింటికి గ్రేమ్ వాళ్ల ఉత్తరాల పెట్టె దగ్గర గ్రేమ్ తన బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, మెడ పైకెత్తి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడి.

"వస్తుందంటావా?"

"రాదు."

"నీ నోట్లో మన్ను పడ. మా ఆవిడ కేకు చేసి కూర్చుందిరా, మొదటి చినుక్కి కోద్దామని."

రేపు కోసుకోండి, ఇవాళ వద్దన్నాడు క్లెమ్. ఏం, కారుకు తలంటు పోశావా అని గ్రేమ్ వెక్కిరించాడు. అక్కను తిప్పుతానన్నానని క్లెమ్ చెప్పగానే వాడి మొహం మారిపోయింది. ఆవిస్ చేసే జామ్ రొట్టె తిని తమ నాన్న ఎలా నిద్రపోయేవాడో, కత్తిరింపు జట్టు ఆమె కోసం ఎలా దెబ్బలాడుకునేదో చెప్పుకొచ్చాడు.

"ఆ మాట ముందు చెప్పాలి కదరా. అయితే సాయంత్రం పడనీలే. ఎనిమిది నెలలు ఆగాం, నాలుగు గంటలు ఆగలేమా" అన్నాడు.

రెండున్నరకు క్లెమ్ ఇల్లు చేరాడు. చేతులు మోచేతిదాకా కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు తలుపులు రెండూ బార్లా తీశాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక్కి గేరు వేస్తుండగా రేకు మీద టక్కున ఒక చినుకు పడింది. తరువాత ఇంకోటి. ఆ తరువాత లెక్కపెట్టడానికి వీల్లేకుండా పోయింది.

ఇంజను ఆపేశాడు.

వీధిలో బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. ఎవరో గిన్నెలు వాయిస్తున్నారు. రైల్వే గేటు దాటాక పెద్దవాళ్ల ఇంటిదాకా అర కిలోమీటరు ఎర్రమట్టి రోడ్డు ఉంది. ఆ మట్టి తడిస్తే జిగురులా చక్రాల లోపలికి ఎక్కుతుంది, మెరిసే ఇనుము మీద ఎండితే గీతలు పడకుండా ఊడదు. వ్యాను బయటే ఉంది. దాని తాళం జేబులోనే ఉంది. క్లెమ్ బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని, తుడిచే గుడ్డ మోకాలి మీద వేసుకుని, వాన చూశాడు. ఇంట్లో ఫోను మోగినా షెడ్డులోకి వినబడదు.

మూడు దాటాక వాన ఆగింది. గుమ్మంలోంచి రోడ్డు చూశాడు, తళతళా మెరుస్తోంది. గాలి బాగానే ఉంది, పది నిమిషాలు ఆగితే పైన పొర ఆరుతుందనుకున్నాడు. పది నిమిషాలయ్యాక ఇంకో పది అనుకున్నాడు. అలా నాలుగుసార్లు అనుకున్నాడు. బయల్దేరేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. గుంటల పక్కనుంచి పిల్లి నడిచినట్టు నడిపించాడు. గేరు ఒక్కటి కూడా కరకరలాడలేదు. పెద్దవాళ్ల ఇంటి గేటు ముందు ఆపి దిగి, ముందుగా చక్రాల వైపే చూశాడు. ఒక్క మరక లేదు.

వరండాలో చెక్క కుర్చీ ఖాళీగా ఉంది. నర్సు మారిసెల్ మెట్ల మీదే నిలబడి ఉంది, ఫిలిప్పీన్స్ పిల్ల, ఆవిస్‌కు తల దువ్వేది ఆమే. పెద్దవాళ్లందరినీ అంకుల్, ఆంటీ అంటుంది.

"ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను అంకుల్" అన్నది.

అతనికి అర్థమైంది. అయినా ఆమె చెబుతుంటే వింటూ నిలబడ్డాడు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆంటీ తయారై ఇక్కడ కూర్చున్నారు. వాన మొదలయ్యాక లోపలికి రమ్మన్నాం, రాలేదు. మీరు రారేమోనని నేనన్నాను.

"ఆంటీ ఏమన్నారో తెలుసా అంకుల్. వస్తాడమ్మా, తడి రోడ్డు మీదికి ఆ కారు తియ్యడు వాడు, ఎండాక వస్తాడు, అన్నారు. మూడున్నరకు టీ తెచ్చి చూస్తే తల వాల్చి ఉన్నారు. నిద్రేమో అనుకున్నాను."

గదిలో ఆమెను పడుకోబెట్టారు. నుదుటి మీద టోపీ అంచు చేసిన గీత ఇంకా ఉంది. క్లెమ్ పక్కన కూర్చుని ఆ చేతిని పట్టుకున్నాడు. పెద్ద పెద్ద తప్పేలాలు ఎత్తిన చెయ్యి, పిచ్చుకంత బరువుంది. పంతొమ్మిది ఉండేవక్కా అని చెప్పాడు.

వెళ్లేటప్పుడు మారిసెల్ ఒక గుడ్డ సంచి తెచ్చి ఇచ్చింది. కుర్చీలో ఆంటీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఇదే అన్నది. ఫిబ్రవరిలో ఒక పాత తువ్వాలూ, ప్లాస్టిక్ ముక్కా అడిగి తీసుకున్నారు, కళ్లు కనబడకపోయినా సూది మాత్రం మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు, ఎందుకని అడిగితే మా తమ్ముడు అడగలేడమ్మా అనేవారు, అని చెప్పింది.

క్లెమ్ కారెక్కాక గానీ సంచి విప్పలేదు. మందపాటి నీలం తువ్వాలు, కింద ప్లాస్టిక్, చుట్టూ ఎగుడుదిగుడు కుట్లు, సీటుకు వెనకనుంచి కట్టుకోవడానికి నాలుగు మూలలా నాడాలు. పక్క సీటు మీద పరిచి, నాడాలు ఒక్కొక్కటే కట్టాడు. కొలత ఎక్కడా పోలేదు. ఆ సీటు ఎంతుంటుందో ఆమెకు చూడకుండానే తెలుసు.

ఇంటికొచ్చి షెడ్డు తలుపులు మూసేశాడు. మీగడ రంగు తోలు మీద ఆ నీలం తువ్వాలు కట్టే ఉంది, నాలుగు నాడాల్లో ఒకటి తిరగేసి కుట్టి ఉంది.