తెల్లగా వచ్చిన కాగితాలు

బడి డాబా మీద గాలి మిషన్‌లో రోజూ పదింటికి వడపోత కాగితం మార్చి, పాతదాన్ని తూకం వేసి పంపడం కాగితాలాయన ఉద్యోగం. గాలిలో ఎంత మసి ఉంటే కాగితం అంత నల్లబడుతుంది. ఏడాదిగా కాటుకలా వచ్చిన కాగితం కాస్తా సరిగ్గా మూడు వారాల నుంచి తెల్లగా, అమాయకంగా వస్తోంది.

అక్కడే అతనికి మండింది. ఎదురుగా ఫ్యాక్టరీ గొట్టం ఎప్పటిలాగే పొగ కక్కుతోంది. ఆయాసమని వచ్చే పిల్లలకు మందు చాలడం లేదని ఆసుపత్రి నర్సమ్మ మొత్తుకుంటోంది. ఆ పిల్లల్లో అతని అక్క కొడుకూ ఉన్నాడు. ఏడేళ్లవాడు, ఈ బడిలోనే చదువుతున్నాడు. నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. ఫ్యాక్టరీ గొట్టానికి మసి ఆపే జల్లెడ పెట్టించాలా వద్దా అని అధికారులు నెలాఖరుకు ఈ తూకాలు చూసే తేలుస్తారు. కాగితాలు ఇలాగే పోతే జల్లెడా లేదు, గిల్లెడా లేదు!

అనుమానం పెనుభూతం అన్నారు కదా, అది వెళ్లి ముందు వాచ్‌మన్ మీద పడింది. మీసాలు అంటారు అతన్ని. డాబా తాళం అతని దగ్గరే ఉంటుంది, పైగా బావమరిది ఫ్యాక్టరీలో డ్రైవరు.

"పైకి ఎవరెక్కుతున్నారు?"

"ఎవరూ ఎక్కరే! ఏం, ఏమైనా పోయిందా?" అని మీసం దువ్వుకున్నాడు. ఆ దువ్వుకోవడమే నచ్చలేదు కాగితాలాయనకు. ఆ తర్వాత హెడ్మాస్టరు మీద పడింది. బడికి కొత్త బెంచీలు ఫ్యాక్టరీవాళ్లే ఇచ్చారట, ఊరికే ఇస్తారా ఎవరైనా?

అక్క ఆ బడిలోనే ఆయా. ఆమెతో చెప్పుకుంటే, "నీకు చిన్నప్పటి నుంచీ అందరూ దొంగలేరా! నీ పలక నువ్వే పోగొట్టుకుని నన్ను కొట్టించలేదూ?" అని నవ్వేసింది.

ఇక లాభం లేదని, ఒకరోజు కాగితం మార్చి, వెళ్లొస్తానని అందరికీ చెప్పి, దొడ్డిదారిన మళ్లీ పైకెక్కి నీళ్ల ట్యాంకు వెనక నక్కాడు. కాసేపటికి తలుపు కిర్రుమంది. దొరికావురా మీసాలూ అనుకుని ఒక్క ఉదుటున లేచాడు.

మీసాలు కాదు. అక్క! మిషన్ నోటికి తడిగుడ్డ చుట్టి తాడు బిగిస్తోంది.

"అలా గుడ్లురమకు," అంది, తనే ముందు తేరుకుని. "రోజంతా గుయ్యిమంటూ గాలి లాగుతుంది కదరా ఇది! ఊళ్లో పొగంతా పిల్లల నెత్తిమీదికి లాక్కొస్తుంటే చూస్తూ ఊరుకోనా? ఆపేస్తే నీ ఉద్యోగం పోతుందని గుడ్డ కడుతున్నా. డాబా ఊడవాలని మీసాల దగ్గర తాళం తీసుకుని, పొద్దున్నే నువ్వొచ్చేలోపు విప్పి ఉతికేస్తున్నా. ఎంత మసనుకున్నావ్! బకెట్ నీళ్లు నల్లగా అయిపోతాయి."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని. మూడు వారాల సాక్ష్యాన్ని అక్క తన చేతులతో ఉతికి కాలువలో పారబోసింది. కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

"ఇది పొగను తీసుకురాదక్కా. ఉన్నదెంతో చెబుతుంది, అంతే," అని, తెల్ల కాగితాలు పైకి వెళ్తే ఏమవుతుందో విడమర్చి చెప్పాడు. అక్క మిషన్ పక్కనే కూలబడింది.

"మరి ఇప్పుడు?"

"ఆ కాగితాలు చెల్లవని రాయాలి. గుడ్డ ఎవరు కట్టారో కూడా రాయాలి. రాస్తే నీ ఉద్యోగం ఉండదు. ఎవరో తెలియదని రాసేస్తాలే."

"అలా రాస్తే నమ్ముతారా?"

కింద తరగతిలోంచి దగ్గు వినిపించింది, ఆగకుండా. అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు. అక్క తాడు విప్పింది, గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది కట్టినప్పటి నుంచీ వాడి దగ్గు తగ్గిందనే అనుకున్నానురా," అంది. "ఒట్టు, తగ్గినట్టే వినిపించింది."

కళ్లు తుడుచుకుని, అతని జేబులోని పెన్ను తనే తీసి చేతిలో పెట్టింది.

"నా పేరే రాయి."