లాభం తర్వాత రెండు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అన్నీ అడగొచ్చు. ఫ్యాను వెయ్యమని అడగొచ్చు, నీళ్ళు తాగి వస్తామని అడగొచ్చు. "సార్, ఈ ఎర్రర్ ఎందుకొచ్చింది?" అని మాత్రం అడగకూడదు. అడిగితే గోపాలస్వామి సార్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "రికార్డులో ఎట్లుందో అట్ల కొట్టమ్మా, ఎర్రర్ ఎందుకొస్తుంది?" అంటారు. ఆయన డిపార్టుమెంటు హెడ్డు. ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు.

నా పేరు లక్ష్మీప్రియ. మాది పుంగనూరు. మదనపల్లెలో డిగ్రీ మూడో సంవత్సరం, కంప్యూటర్సు. రోజూ బస్సులో వస్తాను, బస్సులో పోతాను. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రాను, అదే నాతో వచ్చిన చిక్కు. మొదటి సంవత్సరంలో ఆ ల్యాబులో నేను ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. ముప్పైకి ఇరవై కలపమంటే, మూడు వేల ఇరవై అని చూపించింది ఆ దిక్కుమాలిన కంప్యూటర్. నేను కొట్టిన అంకెలను అది అంకెలనుకోలేదు, అక్షరాలనుకుని పక్కపక్కన అతికించింది. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నాకెవరూ ఇవ్వలేదు. వారం రోజులు నేను మొద్దుననుకుని తిరిగాను.

అందుకే జూనియర్లకు నేనే ఇవ్వడం మొదలుపెట్టాను. ఎవరి పర్మిషనూ అడగలేదు. ల్యాబు మెట్ల కింద ఒక సందు ఉంది, విరిగిన బెంచీలు పడేసే చోటు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడ కూర్చునేవాళ్ళం, మా అన్న మహేష్ వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని. నా పద్ధతి ఒకటే. ఎర్రర్ ఎవరిదో కీబోర్డు వాళ్ళదే. సాయం చేసేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి, ముట్టుకోకూడదు. తప్పు తెచ్చిన పిల్ల ముందు ఎర్రర్‌లో ఆఖరి వరస పైకి చదవాలి. తర్వాత ప్రోగ్రాములో ఒక్కో వరసా పట్టుకుని, కంప్యూటర్‌కు తానేం చెప్పిందో ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి. సగం తప్పులు చెప్తుండగానే దొరికిపోయేవి. "అయ్యో, ఈడ కోలన్ పెట్టలేదు గదక్కా!" అని వాళ్ళే నాలుక కరుచుకునేవాళ్ళు. ఆ ముఖాలు చూడాలి అప్పుడు. నాకు కడుపు నిండిపోయేది.

అయిదుగురు పిల్లలు రోజూ వచ్చేవాళ్ళు. వాళ్ళలో అంబికది పెద్దపంజాణి దగ్గర పల్లె. వాళ్ళ నాన్న గోవిందప్పకు ఆడపిల్ల మదనపల్లె దాకా వచ్చి చదవడం మొదటినుంచీ ఇష్టం లేదు. "ఒక్క పరీక్ష పోయిందా, ఇంటికొచ్చి కూర్చో" అని చెప్పి పంపించాడు. ఆ పిల్ల ఆ మాటను బ్యాగులో పెట్టుకుని తిరిగేది. శ్వేతది కుప్పం, హాస్టల్లో ఉండేది. పొడుగు మాటల పిల్ల, సగం తమిళం.

ఒకరోజు లిస్టుల గురించి చెప్తున్నాను. లిస్టులో మొదటి దాని నంబరు ఒకటి కాదు, సున్నా అన్నాను. అంబిక ఒప్పుకోలేదు.

"అదేందక్కా, ఎదురుగా ఉండేదాన్ని పట్టుకోని సున్నా అంటే ఎట్లా? సున్నా అంటే ఏమీ లేనట్టు గదా?"

బొమ్మ గీశాను. బస్సు సీట్లని చెప్పాను, మేడమెట్లని చెప్పాను. ఊహూఁ, తల అడ్డంగానే ఊపుతోంది. నేను విసుక్కోబోతుంటే ఆ పిల్లే బెంచీ మీద చేత్తో కొట్టింది.

"ఓ! లాభం!"

నాకు గుర్తొచ్చింది. మా పక్క గింజలు కొలిచేటప్పుడు మొదటి సేరును ఒకటి అనరు. లాభం అంటారు. తర్వాత రెండు, మూడు అని పోతారు. ఒంటిగా ఒకటి అంటే మంచిది కాదని, పంట ఒకటితోనే ఆగిపోతుందని ఏదో నమ్మకం. "మా కుప్పం సైడూ అంతేక్కా! మా అవ్వ లాభం అనకుండా సేరు ఎత్తనే ఎత్తదు" అంది శ్వేత. మొదటిది ఉంటుంది, కానీ దాని పేరు ఒకటి కాదు. అయిదుగురికీ ఒక్కసారిగా ఎక్కేసింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ ల్యాబులో మూడేళ్ళుగా ఇంత బాగా ఎవరూ ఏదీ చెప్పలేదు, అని వాళ్ళందరికీ బస్టాండు దగ్గర బజ్జీలు కొనిపెట్టాను.

రెండు వారాలకు ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. మా దగ్గర ప్రోగ్రాము ముందు కాగితం మీద రాసి ఇవ్వాలి, అది దిద్దాకే కంప్యూటర్ ముట్టుకోనిస్తారు. కొన్ని బస్తాల బరువులు ఒక లిస్టులో ఇచ్చారు, మొత్తం ఎంతో చూపించమన్నారు. మర్నాడు గోపాలస్వామి సార్ నన్నూ ఆ అయిదుగురినీ గదిలోకి పిలిచి కాగితాలు బల్ల మీద పరిచారు.

"చూడు. అయిదు పేపర్లలోనూ ఒకే తప్పు. సున్నా నంబరు బస్తా తీసుకున్నారు. మిగతావి వరసగా కలిపే లూప్ రెండు నుంచి మొదలుపెట్టారు. ఒకటో నంబరు బస్తా గాలికి పోయింది. ఇట్లాంటి తప్పు నా సర్వీసులో చూళ్ళేదు. ఒకరు చేస్తే పొరపాటు. అయిదుగురూ చేస్తే కాపీ."

"లేదు సార్, మేం దూరం దూరంగా కూర్చున్నాం సార్" అంది శ్వేత.

"నోర్ముయ్. యూనివర్సిటీ ప్రాక్టికల్‌కు మీ పేర్లు పంపను. వచ్చే సంవత్సరం చూసుకోండి." నా వైపు తిరిగారు. "ఇదంతా నీ మెట్ల కింద వ్యాపారం వల్ల. ఇకమీద ఎవరికీ ఏమీ చెప్పనని రాసిచ్చి సంతకం పెట్టు. లేకపోతే నీ సంగతీ చూడాల్సొస్తుంది."

అంబిక ముఖంలో నెత్తురు లేదు. ఆ పిల్లకు వచ్చే సంవత్సరం అనేది లేదు, ఇల్లు ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ కాగితాలు చూసి నేనూ ఒక్క క్షణం తడబడ్డాను. అయిదుగురికీ రెండే ఎందుకు తట్టింది? సంతకం పెట్టకుండా బయటికి వచ్చి, వాళ్ళను సందులో కూర్చోబెట్టి అడిగాను.

"ఏడుపులాపండి ముందు. ఈ రెండు యాడినుంచి వచ్చిందే?"

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంబిక ముక్కు తుడుచుకుంటూ అంది. "యాడినుంచి ఏందక్కా? లాభం తర్వాత రెండే గదా."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఇంత చిన్న మాట, ఆయన "ఎందుకు రాశారు?" అని ఒక్క పిల్లనైనా అడిగి ఉంటే అక్కడే తెలిసిపోయేది! అడగడం ఆ గదిలో పెద్దవాళ్ళకు కూడా రాదు. గోపాలస్వామి సార్ ఏమీ పరాయి దేశం నుంచి ఊడిపడలేదు. పుంగనూరు బజారులో వాళ్ళ నాన్నది శెనక్కాయల అంగడి. చిన్నప్పుడు మా అమ్మతో పోయి నేనే అక్కడ కొన్నాను. సెలవుల్లో సేరు పట్టుకుని గద్దె మీద కూర్చునేది ఈయనే. కాలేజీలో ఎవరికీ చెప్పరు, అంతే.

మర్నాడు పొద్దున ఇంట్లోంచి ఒక సంచీ నిండా శెనక్కాయలూ, మా అమ్మ ఇత్తడి సేరూ తీసుకుని బస్సెక్కాను. కండక్టర్ సంచీ చూసి, "ఏమ్మా, కాలేజీకా సంతకా?" అన్నాడు.

"రెండిటికీనన్నా."

నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయాను. ప్రమీలమ్మ మేడం. పెద్దగా మాట్లాడరు, సంతకాలు పెడుతూ వింటారు. కాపీ అన్న సంగతీ, పెద్దపంజాణి పిల్లకు పరీక్ష పోతే చదువే పోతుందనీ చెప్పాను. గోపాలస్వామి సార్‌ను ఆ పరీక్ష కాగితాలతో సహా పిలిపించారు. అయిదుగురు పిల్లలూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను బల్ల మీద పాత న్యూస్ పేపర్ పరిచి శెనక్కాయలు కుమ్మరించాను.

"ఏందిది?" అన్నారు సార్.

"వీళ్ళు కాపీ కొట్టలేదని చెప్పేదానికి తెచ్చినా సార్. మీరు ఈ కాయలు ఈ సంచీలోకి కొలవండి. పైకి లెక్కపెడుతూ కొలవండి. అంతే."

"మేడం, ఈ అమ్మాయికి పొగరు..."

"కొలవండి, పోయేదేముంది" అన్నారు మేడం, పెన్ను ఆపకుండానే.

ఆయన సేరు తీసుకున్నారు. ఎంత ఒడుపుగా ముంచి పైన గోపురంలా తల కట్టారంటే, ఒక్క కాయ కింద పడలేదు. సంచీలో పోశారు. నోరు తెరిచారు. ఆగారు. "వన్" అన్నారు.

"ఇంగ్లీషులో కాదు సార్. మీ అంగట్లో కొలిచినట్టు కొలవండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సేరు బల్ల మీద పెట్టేశారు. తన నోట్లోంచి ఏం వస్తుందో ఆయనకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నారు. నేను కూడా మాట్లాడలేదు, నా జన్మలో మొదటిసారి.

ప్రమీలమ్మ మేడం పెన్ను మూత పెట్టారు. "ఇట్లియ్యి. కురబలకోట రైతు బిడ్డను, నాకు రాదా?" అని సేరు అందుకున్నారు. ముంచారు, పోశారు. "లాభం." మళ్ళీ ముంచారు, పోశారు. "రెండు."

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్కనున్న పరీక్ష కాగితాలు దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటీ చూశారు. సున్నా. రెండు. సున్నా. రెండు. తల ఎత్తారు.

"ఒకటి యాడ పోయింది గోపాలస్వామీ?"

ఆయన కిటికీ వైపు చూస్తూ, "అయినా తప్పు తప్పే మేడం" అన్నారు.

"తప్పే సార్!" నాకు గొంతు లేచింది. "తప్పు కాదని ఎవరన్నారు? మార్కులు కొయ్యండి, ఎన్నైనా కొయ్యండి. పరీక్ష కొయ్యొద్దండి. తప్పు చేసినోళ్ళను ఎందుకని అడగండి, దొంగలనొద్దు."

"నువ్వుండు" అన్నారు మేడం నాతో. గుమ్మం వైపు చూశారు. "పెద్దపంజాణి పిల్ల ఎవరు? రామ్మా. దీన్ని ఇప్పుడు సరిగ్గా రాస్తావా?"

అంబిక లోపలికి వచ్చింది. నా వైపు చూసింది. నేను చేతులు కట్టుకున్నాను. మా పద్ధతి ఆమెకు తెలుసు. 

ఆ పిల్ల కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీసుకుంది.   పైకే చెప్తూ రాసింది. "సేరుతో కొలిస్తే లాభం అంటే ఒకటే మేడం. అందుకే తర్వాత రెండు వస్తాది. మిషన్‌కు లాభం అంటే సున్నా. దాని తర్వాత ఒకటి రావల్ల. మేం ఆ ఒకటిని దాటేసినాం. అసలు లాభాన్ని వేరే తీసుకునే పనే లేదు. లూప్‌ను సున్నా నుంచే మొదలుపెడితే అన్ని బస్తాలూ వరసలోనే వచ్చేస్తాయి." రెండు వరసలు కొట్టేసి, ఒక అంకె మార్చి, కాగితం గోపాలస్వామి సార్ ముందు పెట్టింది. "సూడండి సార్. సరిగ్గా ఉండాదా?"

ఆ కాలేజీలో మొదటిసారి, సందేహం అడిగితే ఆయన చదవక తప్పలేదు. చదివారు. తల ఊపారు.

"అయిదు పేర్లూ పంపండి" అన్నారు మేడం.

గుమ్మం దగ్గర శ్వేత ఎగిరినంత పని చేసింది. నేను కాయలు సంచీలోకి ఎత్తుకుంటుంటే సార్ జేబులోంచి మడిచిన కాగితం తీశారు. నేను సంతకం పెట్టాల్సింది. "ఇది మాత్రం జరగాల. లేకపోతే డిపార్టుమెంటుకు మర్యాద ఉండదు."

తీసుకున్నాను. చదివాను. ఎవరికీ ఏమీ చెప్పను, ఎవరి సందేహమూ వినను అని చక్కటి ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. దాన్ని శంకులా చుట్టి, కొస మడిచి, పొట్లం కట్టాను. నిండా శెనక్కాయలు పోసి ఆయన ముందు పెట్టాను.

"తీసుకోండి సార్. పుంగనూరు కాయలు, మీకు తెలీనివి కాదు."

నన్ను ఇప్పుడే బయటికి గెంటుతారని అనుకున్నాను. మేడం చటుక్కున ఫైల్లోకి తల దించేశారు, భుజాలు కదులుతున్నాయి. సార్ ఆ పొట్లం వైపు చూశారు. తర్వాత దాన్ని తీసుకుని వెళ్ళిపోయారు. ఆ కాగితం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటర్నల్‌లో అయిదుగురికీ మార్కులు పోయాయి. పోవాల్సినవే. ప్రాక్టికల్ అయిదుగురూ రాశారు, అయిదుగురూ గట్టెక్కారు. అంబిక నాన్న గోవిందప్ప ఫోన్లో, "మిషన్‌కు లాభం నేర్పించినావంట, నిజమేనా?" అని కూతుర్ని అడిగి, జవాబు వినకుండానే నవ్వుకున్నాడట.

ల్యాబులో ఇప్పటికీ సందేహాలు అడగనివ్వరు. మెట్ల కింద మాత్రం బెంచీలు చాలడం లేదు. నిన్న నేను పోయేసరికి నా చోట్లో అంబిక కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో కొత్త పిల్ల, ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీద ఎర్రటి వరసలు చూస్తూ ఏడుపు ఆపుకుంటోంది.

"అక్కా, ఒకటి అడగొచ్చా?"

"అడుగు" అంది అంబిక, చేతులు కట్టుకుంటూ.