మధ్యలో పొర

నేను పనిచేసేది మెయిన్‌ఫ్రేమ్ మీద. అంటే బ్యాంకులవాళ్లు వాడే బీరువా అంత కంప్యూటర్. అది ఉండేది హైదరాబాద్‌లో. నేనుండేది ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని దోర్నపాల్‌లో, నా భార్య సుమిత్ర నర్సుగా పనిచేసే ఆస్పత్రి వెనక గదిలో. ఇంటి నుంచి పనిచేయడానికి కంపెనీ నాకిచ్చిన ఆరు నెలల గడువు ఆ శుక్రవారంతో సరి. పొడిగించకపోతే నేనక్కడ, ఆమె ఇక్కడ.

మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పెట్టాలి. యంత్రంలో ఒక భాగం కేటాయించి నేరుగా దాని మీదే నడపొచ్చు. లేదా మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ పొర వేసి, దాని మీద పదులకొద్దీ లినక్స్‌లు నడపొచ్చు. మా మేనేజర్ కల్యాణి గారు పొర వేద్దామన్నారు. నేను గొంతు పెంచి మరీ వద్దన్నాను. నాలుగు భాషలు వచ్చినవాణ్ణి, సంతలో ఎవరితోనైనా నేనే మాట్లాడుకుంటాను, నాకు మధ్యవర్తులంటే మంట. ఆ మంట తీసుకెళ్లి యంత్రం మీద చూపించాను.

చివరికి నా మాటే నెగ్గింది. లినక్స్ చక్కగా లేచింది, ఒక్కటే. సోమవారం కల్యాణి గారు మెసేజ్ పెట్టారు. పరీక్షలకు శుక్రవారం కల్లా ఇంకో ఇరవై కావాలట. పొర ఉంటే పూటలో ఇరవై నకళ్లు తీసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కోదానికి యంత్రంలో ఒక్కో భాగం కావాలి, అన్ని భాగాలు మాకెవరిస్తారు?

తప్పు నాది, పొర వేస్తానని ఒక్క ముక్క చెబితే చాలు. దానికి బదులు రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీల మెయిల్ రాశాను. అందులో నా తప్పు తప్ప అన్నీ ఉన్నాయి.

లోపలి ఊళ్ల నుంచి ఆస్పత్రికొచ్చే ఆడవాళ్లు చాలామంది తమ నొప్పి తాము చెప్పరు. తోడొచ్చిన అక్కో అత్తో చెబుతుంది. ఆ పద్ధతి మీద నేను వేయని జోకు లేదు. బుధవారం సుమిత్ర నేనింకా పంపని ఆ మెయిల్ చదివి, అసలు తప్పేంటో నాతో చెప్పించి, నా ఫోనందుకుని కల్యాణి గారికి కలిపింది.

"మేడం, నేను సుమిత్రను. ఈయన తప్పు చేసిండు. మధ్యల పొర ఎయ్యాల్నట. ఎల్లుండికి ఇరవై ఇస్తడట. చెప్పనీకి నోరొస్తలేదు."

"పక్కనే ఉన్నాడా?"

"ఉన్నడు. నేల చూస్తుండు."

కల్యాణి గారు చాలాసేపు నవ్వి, వేయమన్నారు.

శుక్రవారానికి ఇరవయ్యీ లేచాయి. సాయంత్రం గడువు పొడిగించినట్టు మెయిల్ వచ్చింది. ప్రతి సోమవారం రిపోర్టు మాత్రం సుమిత్ర గారే చెప్పాలని కింద రాశారు. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నాకు సంతోషంతో కళ్లు తడిశాయి.

సుమిత్ర అది చదివి ఫోన్ తిరిగిచ్చింది.

"సోమవారం నాకు పొద్దుగాల్నే డ్యూటీ. తప్పులేమన్న ఉంటే ఆదివారమే చెప్పు."