వియ్యంకుడి ఈత లాగు

నలభై ఏళ్లు కుట్టు మిషను తొక్కినవాణ్ని. ఊరి బళ్లో ఐదో తరగతి దాటలేదు గాని, టేపు మీది అంకెలు ఏ ఇంజనీరుకన్నా బాగా చదువుతాను. ఒకసారి ఒక భారీ మనిషికి నడుము కొలత తీస్తున్నాను. టేపు పట్టుకుని ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చేలోపు ఆయన టిఫిను కానిచ్చి ఇంకో అంగుళం పెరిగాడు. నమ్మకపోతే మానండి. ఆ రోజునుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. ఎవరికి ఏది కుట్టినా నడుం దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచాలి. నా చేతి ప్యాంటు తొడుక్కుని ఊపిరాడలేదన్నవాడు లేడు.

ఆ రెండు వేళ్లే చివరికి నా పరువు తీశాయి.

మిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్లలో అయితే కీళ్ల మీద బరువు పడదు, రోజూ ఈదమన్నాడు డాక్టరు. మా వియ్యంకుడు, అంటే మా కోడలి తండ్రి, పదేళ్లుగా ఆ పనే చేస్తున్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నీళ్లలోకి దిగితే చప్పుడు కూడా రాదు. సరే, అనుభవం ఉన్నవాడు కదా అని ఈత లాగు కొనడానికి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లాను.

కొట్లో నాకు నచ్చింది పూల పూల లాగు. మోకాళ్ల దాకా ఉంది, నాలుగు జేబులున్నాయి, తొడల దగ్గర గాలి ఆడుతోంది. నడుంలో రెండు వేళ్లు పెట్టి చూసుకున్నాను. అచ్చంగా నా నియమం ప్రకారమే ఉంది. ఎలా ఉందని ఆయన్ని అడిగాను. నన్ను ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పి చూశాడు.

"దివ్యంగా ఉంది బావగారూ. మన వయసుకి ఇదే మర్యాద" అన్నాడు.

అలా అంటూ మీసం చాటున ఏదో దాచుకున్నాడు. అది నవ్వని నాకప్పుడు తట్టలేదు.

మొదటి రోజు కొలను గట్టు మీంచి దూకాను. నాలుగు జేబులూ నోళ్లు తెరుచుకుని నీళ్లు తాగాయి. లాగు గొడుగులా ఉబ్బింది. నేను ముందుకు వెళ్లాను, అది వెళ్లలేదు. మునిగేవాళ్లను లాగడానికి ఉంచిన పొడుగాటి గడతో లైఫ్‌గార్డు దాన్ని తీసి, అందరూ చూస్తుండగా, నీళ్లు కారుతుంటే పైకెత్తాడు. పక్కనే పిల్లల కొలనులో నా మనవరాలు, ఆరేళ్లది, కళ్లింత చేసుకుని చూస్తోంది. అందరికన్నా ముందు నవ్వింది గట్టు మీదున్న మా వియ్యంకుడేనని చెప్పక్కర్లేదు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఇంటికి ఎవరొచ్చినా, మేం ఎవరింటికి వెళ్లినా, కంచాల ముందు కూర్చోగానే మా వియ్యంకుడు ఆ కథ ఎత్తుకునేవాడు. చెప్పిన ప్రతిసారీ నా లాగు పెరిగేది. మూడోసారికి దాన్ని ఎత్తడానికి ఇద్దరు లైఫ్‌గార్డులు కావలసి వచ్చింది. ఐదోసారికి అందులో ఒక పిల్లాడు ఇరుక్కుపోయాడు. గోరంతలు కొండంతలు చేయడం ఈ కుటుంబంలో నా హక్కు. ఆయన దాన్ని కూడా లాక్కున్నాడు.

నా మనవరాలికి ఇద్దరు తాతలు. ఆయన ఈత తాత. నేను జారుడు తాత. బళ్లో కుటుంబం బొమ్మ వేయమంటే అందరినీ చక్కగా వేసింది. నాకు మాత్రం మనిషి లేడు, గడ కొసన వేలాడుతున్న పూల లాగు ఉంది. టీచరు దానికి నక్షత్రం గుర్తు కూడా వేసింది. ఆ కాగితం చూశాక నాకు అన్నం సహించలేదు. ఆ పిల్ల నోట మామూలు తాతనైతే చాలు, లోకం ఏమన్నా పర్వాలేదనుకున్నాను.

ముందు నేను సరిగ్గా ఈదాలి. అందుకు సరైన లాగు కావాలి. ఈసారి ఒక్కణ్నే అదే కొట్టుకి వెళ్లాను. అమ్మే పిల్ల తను కూడా రోజూ ఈదుతుందట. నా నడుంలోంచి నా రెండు వేళ్లూ తీయించేసింది.

"వదులుగా ఉండేవి ఇసకలో తిరగడానికి తాతగారూ. కసరత్తుకి ఈదేవాళ్లకి ఒంటిని కరుచుకుని ఉండాలి. తడిస్తే గుడ్డ ఎలాగూ కొంచెం వదులవుతుంది. పొడిగా ఉన్నప్పుడు బిగుతనిపిస్తేనే అది మీ సైజు" అంది.

నలభై ఏళ్ల నియమాన్ని నాలుగు మాటల్లో కొట్టిపారేసింది. కాదనలేకపోయాను. తర్వాత మూడు రకాలు పరిచింది. ఒకటి గోచీకి తమ్ముడు, దాన్ని చూసి దణ్ణం పెట్టాను. ఒకటి తొడల పైదాకా ఉండే పొట్టిది. ఒకటి మోకాళ్ల దాకా కాళ్లను పట్టి ఉంచేది. మూడోది తీసుకున్నాను. జేబులు ఉండకూడదంది. నాడా లోపలివైపు ఉండాలంది. ఎక్కువ సాగే గుడ్డ ఒంటికి హాయిగానే ఉంటుంది గాని, కొలనులో కలిపే మందు నాలుగు నెలల్లో దాని సాగుడు తినేస్తుందట. రోజూ ఈదేవాడికి పాలిస్టరు ఎక్కువగా ఉన్న గుడ్డే మన్నుతుందట. తొడుక్కుని గుంజీళ్లు తీసి చూడమంది. తీశాను. నా మోకాళ్ల చప్పుడుకి పక్క గదిలో బట్టలు మార్చుకుంటున్నాయన, తలుపు విరిగిందేమోనని బయటికొచ్చేశాడు.

పొట్లం కట్టిస్తూ ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. అప్పుడు మీతో వచ్చిన పెద్దాయన మీరు లోపల ఉన్నప్పుడే అన్నారు కదండీ, ఈ పూల లాగు నీళ్లలో ఒక్క నిమిషం నిలవదు, చెప్పకమ్మా, సరదాగా ఉంటుంది అని. మీరిద్దరూ ఆటగా అనుకుంటున్నారేమో అనుకుని ఊరుకున్నానంది.

కొట్లోంచి బయటికొచ్చాను. తెలియక చెప్పాడనుకున్నాను ఇన్నాళ్లూ. తెలిసే చేశాడు. పళ్లు నూరుకుంటూ ఇంటికి నడిచాను. ఆ వేడికి నా చేతిలో పొట్లం కాగితం గోధుమరంగుకి తిరిగిందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

పగకి తొందర పనికిరాదు. మూడు నెలలు నోరు మెదపకుండా ఈదాను. కొత్త లాగు ఒంటితో చర్మంలా కలిసిపోయింది. అప్పుడు నా అదృష్టం కాళ్ల దగ్గరికి నడిచొచ్చింది. కొలను వార్షికోత్సవానికి అరవై దాటిన మగవాళ్లకి పది చుట్ల పోటీ పెట్టారు. అటు గోడ ముట్టి ఇటు గోడకొస్తే ఒక చుట్టు. పోటీకి రెండు రోజుల ముందు మా వియ్యంకుడు తన నల్ల ఈత లాగు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

గుడ్డ సాగిపోయి నడుం దగ్గర వదులైంది. కొత్తది కొంటే ఒంటికి అలవాటు కావడానికి టైము లేదు. వెనకాల కుట్టు విప్పి ఒక వేలు లోపలికి తీసుకుని బిగించమన్నాడు. అక్కడితో ఆగాడా అంటే ఆగలేదు.

"మీ చెయ్యి పడితే చాలు బావగారూ. కాకపోతే మీ పూల లాగులా మాత్రం చెయ్యకండి" అన్నాడు.

మనవరాలు అక్కడే ఉంది. కిలకిలా నవ్వింది. నేనూ నవ్వాను.

వృత్తి రహస్యం ఒకటి చెబుతాను. సాగే గుడ్డని వంకర కుట్టుతో కుట్టాలి. గుడ్డ సాగినప్పుడు దారం కూడా సాగాలి కదా. తిన్నని కుట్టు వేసి, నూలు దారం వాడి, మిషనులో దారం బిగువు పెంచామనుకోండి, చూడ్డానికి ముత్యాల వరుసలా ఉంటుంది. గట్టిగా ఒక్కసారి సాగితే ఆ చివరనుంచి ఈ చివరదాకా పటపటా తెగిపోతుంది. నలభై ఏళ్లలో కావాలని చెడగొట్టిన కుట్టు అదొక్కటే. ఎంత శ్రద్ధగా కుట్టానో చెప్పలేను. పెళ్లికొడుకు సూటు కూడా అంత ప్రేమగా కుట్టలేదు. మా వియ్యంకుడు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, పనితనమంటే ఇదీ అన్నాడు.

పోటీ రోజు ఉదయం గట్టు నిండా జనం. కోడలు, కొడుకు, మనవరాలు ముందు వరసలో కూర్చున్నారు. ఐదుగురం దూకాం. ఆయన బాణంలా పోయాడు. నేను నా మోకాళ్లు ఒప్పుకున్నంత వేగంలో వెళ్లాను. ఏడో చుట్టులో ఆయన అటు గోడని కాళ్లతో బలంగా తన్ని మలుపు తిరిగాడు. పక్క వరసలో ఉన్నాను కాబట్టి నీళ్లలోంచే చూశాను. నడుం దగ్గర మొదలై కింది దాకా వెనక భాగం పుస్తకంలా తెరుచుకుంది.

ఆయనకీ తెలిసింది. ఒక్క క్షణం చేతులు ఆగాయి. మళ్లీ ఈదాడు. పదో చుట్టు ముగించి మొదటివాడుగా గోడ ముట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. పైకి రమ్మని కోచ్ చెయ్యి అందించాడు. ఆయన ఆ చేతిని చూసి, జనాన్ని చూసి, గిరుక్కున వెనక్కి తిరిగి పదకొండో చుట్టు మొదలుపెట్టాడు.

నేను నాలుగోవాడుగా ముగించి నిచ్చెనెక్కి బయటికొచ్చాను. నా లాగు అంగుళం కదల్లేదు. కుర్చీ మీదున్న ఆయన తువ్వాలు తీసి నా భుజాన వేసుకుని, సరిగ్గా ఆయన వరస కొసన గోడ దగ్గర చతికిలబడ్డాను. పదిహేనో చుట్టుకి వచ్చి గోడ పట్టుకుని, గొంతు తగ్గించి తువ్వాలడిగాడు.

"పూల లాగు ఎవరు కొనిపించారో పిల్లకి చెప్పండి, ఇస్తాను" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అర్థమైంది. గోడ తన్నుకుని మళ్లీ ఈదుకుంటూ పోయాడు.

ఇరవయ్యో చుట్టుకి మళ్లీ వచ్చాడు. "ఈ కుట్టు మీదేగా బావగారూ?"

"నాదే."

మళ్లీ వెళ్లిపోయాడు. జనానికి ఇదంతా ఏం తెలుసు. అరవై ఆరేళ్ల మనిషి పోటీ గెలిచి కూడా ఆగకుండా ఈదుతున్నాడని లేచి నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముప్పై అన్నారు. ముప్పై ఐదు అన్నారు. పొట్టిగా కత్తిరించిన జుట్టున్న ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది. ఆయన్ని నవ్వులపాలు చేద్దామని నేను కుట్టిన కుట్టు ఆయన్నే వీరుణ్ని చేసి కూర్చోబెడుతోంది. నాకు కడుపు మండిపోయింది. తువ్వాలు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

నలభై ఒకటో చుట్టుకి ఆయన పెదాలు నీలంగా మారాయి. వేళ్లు ముడతలు పడిపోయాయి. గోడ పట్టుకుని, నా వైపు కాకుండా, మనవరాల్ని కేకేసి దగ్గరికి పిలిచాడు. పిల్ల పరుగెత్తుకొచ్చింది. దాని వెనకే అందరూ వచ్చారు.

"ఆ పూల లాగు కొనిపించింది నేనేనమ్మా" అన్నాడు రొప్పుతూ. "నీళ్లలో జారిపోతుందని తెలిసే బాగుందని చెప్పాను. తాత తప్పేం లేదు. నవ్వుకోవడానికి నేనే చేశాను. ఇంక నువ్వు ఆయన్ని అలా పిలవకు."

పిల్ల ఆయన్ని చూసింది. నన్ను చూసింది. నా పక్కకొచ్చి తడి ఒంటిని ఆనుకుని నిలబడి, నా చెయ్యి పట్టుకుంది. మూడు నెలల పగ ఆ చిన్న చేతిలో చల్లారిపోవలసింది. నిజం చెప్పాలంటే చల్లారలేదు. గెలిచానని లోపల గంతులేశాను. తువ్వాలు అందించాను. ఆయన నీళ్లలోనే నడుముకి చుట్టుకుని పైకెక్కాడు. అయినా తువ్వాలు తడిసి ఒంటికి అంటుకోవడంతో వెనక చిరుగు పిల్ల కళ్లబడింది.

"తాతా, నీది కూడా ఊడిపోయింది. ఈ తాత కుట్టిందేగా?"

గట్టు మీద అందరూ చెవులు రిక్కించారు. మా వియ్యంకుడు నా కళ్లలోకి చూశాడు, చాలాసేపు, బోర్డు మీద లెక్క వేసి పిల్లవాడి జవాబు కోసం చూసే మాస్టారిలా. తర్వాత దాని తల నిమిరాడు.

"కుట్టు తప్పేం లేదమ్మా. పాత గుడ్డ. దానంతటదే పోయింది."

జనం ఆయన్ని చుట్టుముట్టి తీసుకుపోయారు. పిల్ల నా చెయ్యి వదల్లేదు. ఇంటికెళ్లేదాకా తాతా, తాతా అంటూ ఏవేవో చెప్పింది. నేను కోరుకున్నది నాకు దక్కింది. అయితే అది నా చేతుల్లో లేదు, ఆయన నోట్లో ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఏ కంచం ముందు కూర్చునైనా, ఒక్క మాటతో దాన్ని నానుంచి లాక్కోగలడు. లాక్కోడు. అదే నా ప్రాణానికొచ్చింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ని. కాపాడాడు. దానికి బదులేం చేయాలో నాకు తెలియదు, అందుకే ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

వారం తిరక్కుండా కొత్త ఈత లాగు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"నడుం దగ్గర కొంచెం బిగించాలి బావగారూ. మీరైతేనే నాకు నమ్మకం" అన్నాడు. మీసం చాటున ఏమీ దాచుకోలేదు. నా పక్కనే మనవరాలు బొత్తాల డబ్బాతో ఆడుకుంటోంది.

లోపలికి తీసుకెళ్లి మిషను ముందు కూర్చున్నాను. సాగే దారం ఎక్కించాను. వంకర కుట్టు పెట్టాను. పళ్లు బిగబట్టి, లోపల్లోపల ఆయన్ని తిట్టుకుంటూ, ఒకటి కాదు, మూడు వరసలు కుట్టాను. ఆ లాగు ఈ జన్మలో ఊడదు.