బాయిమీద తెరుచుకునే పేజీ

“నాలుగు వందల పన్నెండు.” ముష్తాక్ ఆ నంబరు బత్తిని కొక్కెం మీంచి తీసి కిటికీలోంచి ముందుకు తోశాడు. అవతలి మనిషి బ్యాటరీని నడుముకు బిగించుకుని, లైటును టోపీకి తగిలించుకుని పక్కకు జరిగాడు. వెనకాల ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. మొదటి షిఫ్టు వాళ్లంతా గనిలోకి, వాళ్ల మాటలో బాయిలోకి, దిగేముందు ఈ గది దగ్గర ఆగి, ఇత్తడి బిళ్ల ఇచ్చి, బత్తి తీసుకుని పోతారు. ముష్తాక్ బిళ్ల వంక చూడడు. మనిషి మొహం చూస్తే చాలు, చెయ్యి దానంతటదే ఆ నంబరు కొక్కెం మీదికి పోతుంది. నంబరుతో పాటు ఆ మనిషి రక్తం గ్రూపూ గుర్తొస్తుంది. నాలుగు వందల పన్నెండు ఓ పాజిటివ్. తర్వాత వచ్చినవాడు ఏ నెగెటివ్. పోయిన నెలే రక్తమిచ్చాడు, ఇంకో రెండు నెలలు అతన్ని అడగకూడదు.

ముష్తాక్‌కు యాభై తొమ్మిదేళ్లు. సన్నటి పొడుగాటి మనిషి. మోకాలి కింద ఎడమకాలు కాస్త వంకరగా అతుక్కోవడంతో నడిచేటప్పుడు ఆ వైపు భుజం దిగుతుంది. ఎంత తోమినా గోళ్ల మొదట్లో బొగ్గు నలుపు పోదు. ఆ పొద్దున బత్తులు అందిస్తుంటే ఛాతీలో రెండు సార్లు మంటగా అనిపించింది. గ్యాసనుకుని మాత్ర వేసుకున్నాడు.

ఏడింటికి జనం పలచబడ్డారు. స్టూలు మీద కూర్చుని, ఫోన్లో తన పేజీ తెరిచాడు.

అది పేజీ అంటే పేజీయే. తెల్లటి నేల, నల్లటి అక్షరాలు. బొమ్మ లేదు, రంగు లేదు. పైన ‘రక్తదాతల సంఘం, గోదావరిఖని’ అని ఒక వరుస. కింద ఎనిమిది గ్రూపులు. ఒక్కో గ్రూపు కింద పేరు, ఉండే చోటు, ఫోన్ నంబరు. ఖని నుంచి నస్పూర్, మందమర్రి దాకా ఎవరికి రక్తం కావాలన్నా ఆ పేజీ తెరుస్తారు.

సదయ్య పేరు దగ్గర ఆగాడు. సదయ్య పోయి ఆ రోజుకు పన్నెండో రోజు. ఎవరు చనిపోయినా దినాలు అయ్యేదాకా ముష్తాక్ వాళ్ల పేరు తీయడు. ఇంట్లో వాళ్లెవరైనా చూసుకుంటే బాధపడతారని అతని భయం. ఇప్పుడు ఆ వరుస మీద వేలు పెట్టి తుడిచేశాడు. కింది పేర్లు ఒక మెట్టు పైకి జరిగాయి.

ఇరవై ఆరేళ్ల కింద ముష్తాక్, అతని తమ్ముడు తాబిష్ ఒకే షిఫ్టులో బొగ్గు నింపేవారు. ఒక మధ్యాహ్నం కప్పు కూలింది. ముష్తాక్‌కు కాలు పోయినంత పనైంది. తాబిష్‌కు తొడ నలిగింది. దవాఖానలో ఓ నెగెటివ్ కావాలన్నారు. కరీంనగర్ నుంచి జీపులో తెచ్చేసరికి మూడు గంటలు పట్టింది. తాబిష్ రెండున్నర గంటలే ఆగాడు. కాలు అతుక్కుని, బత్తుల గదిలో పని ఇచ్చాక ముష్తాక్‌కు తెలిసింది, ఆ రోజు అదే షిఫ్టులో ఇద్దరు ఓ నెగెటివ్ వాళ్లు ఉన్నారని. పని దిగి, స్నానం చేసి, అన్నం తిని ఇంట్లో పడుకున్నారు. వాళ్లనెవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తెలియదు.

అప్పట్నుంచి బత్తి ఇచ్చేటప్పుడల్లా ఒక్కొక్కరినీ గ్రూపు అడగడం మొదలుపెట్టాడు. మొదట గది గోడకు రేకు బోర్డు పెట్టాడు. పదిహేడేళ్ల కింద మేనల్లుడు షాబాజ్ దాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించి, పేరు ఎక్కడ కలపాలో, ఎక్కడ తీయాలో నేర్పించి, దుబాయ్ పోయాడు. మిగతా గుర్తులు ముట్టుకోవద్దన్నాడు. ముష్తాక్ ఈ రోజు దాకా ముట్టుకోలేదు.

“భాయ్, ఇయ్యాల మీటింగు యాదికున్నది గదా?” అని తోటి పనివాడు రాయమల్లు గుర్తుచేశాడు. “గా పిలగాడు కొత్త డిజైను చూపిస్తడట.”

“ఉన్నది.”

“నువ్వు గట్టిగ మాట్లాడు. ఊకె తలకాయ ఊపుకుంట కూసోకు.”

మూడింటికి కమ్యూనిటీ హాల్లో పన్నెండు మంది చేరారు. సంఘం కార్యదర్శి జగదీశ్వర్ మధ్యలో కూర్చున్నాడు. పక్కన రుత్విక్. హైదరాబాద్ కంపెనీ పని ఇంటి నుంచి చేసుకుంటున్న ఇంజినీరు. పైసా తీసుకోకుండా చేస్తున్నాడని జగదీశ్వర్ చెబుతుంటే సిగ్గుపడ్డాడు.

గోడ మీద కొత్త పేజీ వెలిగింది. ఎర్రటి చుక్క జారి గుండె బొమ్మగా మారింది. శిబిరాల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ప్రతి ఫొటోలోనూ జగదీశ్వర్ ఉన్నాడు.

“మంచిగున్నది,” అన్నాడు ముష్తాక్. నిజంగానే బాగుంది. “రాయమల్లూ, నీ ఫోన్ల కొట్టి చూడు.”

రాయమల్లు ఫోను అద్దం మూడు చోట్ల పగిలింది. అందులో తెల్లటి తెర మీద గుండ్రటి గీత తిరిగింది. తిరుగుతూనే ఉంది. హాలంతా దాన్నే చూసింది.

“నెట్ తక్కువుందంకుల్. ఫొటోలు తగ్గిస్తే జల్ది వస్తది,” అన్నాడు రుత్విక్.

“ఫొటోలు లేకుంటే ఎవడు చూస్తడు?” జగదీశ్వర్ అడ్డుపడ్డాడు. “ముష్తాకన్నా, లోకం ఎక్కడికో పోయింది. మన పేజీ చూస్తే చావు కబురు లెక్క ఉంటది. దాతలు పెరగాల్నా వద్దా?”

“బాయిమీద నెట్ ఎక్కడిది జగదీశ్వరన్నా? బ్లడ్ బ్యాంకు మూలకున్నది, ఆడ ఒక్క గీత వస్తే ఎక్కువ. నా పేజీ ఆడ గూడ తెరుచుకుంటది. ఏడుసుకుంట ఉరికొచ్చినోనికి గుండె బొమ్మ ఎందుకు? నంబరు గావాలె.” గొంతు పెరిగినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. “పదిహేడేండ్లల్ల నా పేజీతోని ఒక్కరు గూడ నష్టపోలే.”

అప్పటిదాకా వెనక వరుసలో ఊరకే కూర్చున్న శోభ లేచింది. బ్లడ్ బ్యాంకులో నర్సు. డ్యూటీకి పోతూ మధ్యలో వచ్చింది.

“నష్టపోయిండ్రు కాకా.”

ముష్తాక్ తిరిగి చూశాడు.

“అంగన్‌వాడీ టీచరు యమున యాదికున్నదా? బీ నెగెటివ్. నీ పేజీల నంబరు చూసి ఎవడో నెల రోజులు ఫోన్లు చేసిండు. రక్తం కోసం కాదు. ఎవరికిచ్చినవే నంబరు అని మొగడు ఫోను పలగ్గొట్టిండు. ఆమెను గూడ కొట్టిండు. చెవి ఇప్పటికీ సరిగ్గ వినవడది.” ఆమె ఆగింది. “నాకు గూడ వస్తయి. నర్సును గాబట్టి తిట్టి పెట్టేస్త. అందరు తిట్టలేరు గదా.”

ముష్తాక్‌కు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద యమున ఫోన్ చేసి, “కాకా, నా పేరు తీసెయ్యి” అంది. సూదికి భయపడుతోందనుకున్నాడు. “గట్ల భయపడితే ఎట్ల బిడ్డా, పానం కాపాడే పని” అని నవ్వాడు కూడా. ఆమె ఫోన్ పెట్టేశాక పేరు తీసేశాడు.

“నాకెందుకు చెప్పలే?” అన్నాడు.

“నీకేమని చెప్పాలె కాకా,” అంది శోభ.

ఆ తర్వాత ముష్తాక్ ఇక వాదించలేదు. కొత్త దాంట్లో నంబర్లు కనబడవని, అడిగిన వాళ్ల సందేశం దాతకు పోతుందని, ఇష్టమైతే దాతే మాట్లాడవచ్చని రుత్విక్ చెప్పాడు. ముష్తాక్ శ్రద్ధగా విన్నాడు. శుక్రవారం నుంచి కొత్త పేజీ అని తీర్మానమైంది. ఫొటోలు అలాగే ఉంటాయి.

“శుక్రవారం దాంక పాతది నా చేతుల్నే ఉంటది గదా?” అని మాత్రం అడిగాడు.

హాలు బయట వేపచెట్టు కింద నిలబడి, అంగన్‌వాడీ వాళ్లనడిగి తెలుసుకున్న నంబరుకు ఫోన్ చేశాడు. యమున ఎత్తింది. ఏం చెప్పాలో నోటికి రాలేదు. “బిడ్డా, నేను బత్తుల రూము ముష్తాక్‌ను. గా రోజు నవ్విన. తప్పయింది,” అన్నాడు.

అవతల పిల్లల పాట వినిపించింది. ఆమె చెవి మార్చుకున్నట్టుంది.

“నా పేరు మళ్ల పెట్టు కాకా,” అంది చివరికి. “నంబరొద్దు.”

ఇంటికొచ్చేసరికి ఐదైంది. చొక్కా చంకల కింద తడిసిపోయింది. అదేం ఎండాకాలం కాదు. భార్య ఆబిదా చూసి, “తబియత్ ఠీక్ నై క్యా?” అని నుదురు ముట్టుకుంది. ఒళ్లు బాగానే ఉందని, కాస్త పనుందని చెప్పి, ముందు గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

పేజీలో ఆడవాళ్ల పేర్లు నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కో నంబరు తీసి, ఆ చోట తన నంబరు పెట్టాలనుకున్నాడు. అడిగేవాడు ముందు తనతో మాట్లాడతాడు. మనిషి ఎలాంటివాడో గొంతులో తెలుస్తుంది. కానీ తీసేసిన నంబర్లు ఎక్కడో ఉండాలి. గోడకున్న క్యాలెండర్ నుంచి అయిపోయిన నెల చించి, వెనక తెల్ల వైపు పరిచాడు. తెలుగు అక్షరాలు ఒక్క వేలితో కొట్టడమే అతనికి అలవాటు. చేత్తో రాయాలంటే ఏడో తరగతి దాకా చదివిన ఉర్దూయే వస్తుంది. కుడి నుంచి ఎడమకు పేరు, గ్రూపు రాసి, పక్కన ఫోన్ నంబరు వేసి, ఆ తర్వాతే తెర మీద తుడిచాడు. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఈమె నుంచి ఎప్పుడైనా ఫోన్ వచ్చిందా, తీసెయ్యమందా, తను నవ్వాడా అని గుర్తుచేసుకున్నాడు. రెండు పేర్ల దగ్గర నవ్వినట్టే గుర్తు.

ఎడమ భుజం బరువెక్కింది. మోచేతిని బల్లకు ఆనించి కుడి చేత్తో పని చేశాడు.

నలభై రెండో పేరు యమునది. రాశాక శోభకు మెసేజ్ పెట్టాడు. ‘అందరివి తీసిన బిడ్డా. నంబర్లు మా ఇంట్ల రాసిపెట్టిన. మీ చిన్నమ్మకు ఉర్దూ సదువొస్తది.’

మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆబిదా వంటింట్లో తలమీద కొంగు సర్దుకుంది. అజాన్ అయ్యేదాకా స్టవ్ దగ్గరే నిలబడి, చాయ్ పట్టుకుని వచ్చింది. ముష్తాక్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నమాజుకు లేవలేదేమిటని పిలిచింది. రెండోసారి పిలవబోతూ ఆగిపోయింది. చాయ్ గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టి, అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది కానీ తిరిగి పట్టుకోలేదు.

దవాఖానకు తీసుకుపోయారు. గుండె ఆగి చాలాసేపైందన్నారు. ఎక్కించడానికి రక్తం అవసరం పడలేదు.

బుధవారం మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మట్టి చేశారు. మొదటి షిఫ్టు దిగిన వాళ్లు మొహాలైనా కడుక్కోకుండా వచ్చారు. శ్మశానం గేటు దాకా నల్లటి మనుషులు బారులు తీరారు.

శుక్రవారం ఉదయం కొత్త పేజీ మొదలైంది. పాతది తీసేశారు. జగదీశ్వర్ పట్టుబట్టి మొదట్లోనే ముష్తాక్ ఫొటో పెట్టించాడు. తెర నిండా, పూలదండతో. అది మర్యాద అన్నాడు. ఫొటో చిన్నది చేద్దామని రుత్విక్ రెండు సార్లు అడిగి ఊరుకున్నాడు.

పదకొండింటికి బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గరికి ఒకతను ఉరుక్కుంటూ వచ్చాడు. జైపూర్ వైపు పల్లె అతనిది. భార్యకు కాన్పు, రక్తం ఆగడం లేదు, బీ నెగెటివ్. శోభ తన ఫోనులో పేజీ తెరిచింది. ముష్తాక్ పై నుంచి కొంచెం కొంచెంగా దిగాడు. ముందు టోపీ, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. కళ్ల దగ్గర ఆగిపోయాడు. కింద ఉన్నదేదీ రాలేదు. వచ్చినతను కిటికీ ఊచలు పట్టుకుని, “వచ్చిందా అక్కా, వచ్చిందా?” అంటున్నాడు.

శోభ వరండా చివరికి పరుగెత్తి, ఒక గీత దొరికిన చోట నిలబడి, ముష్తాక్ నంబరుకు ఫోన్ చేసింది.

ఇంట్లో మూడో రోజు జియారత్. ఆడవాళ్లు గదినిండా కూర్చుని పోయినాయన కోసం ఖురాన్ చదువుతున్నారు. ఆబిదా ఫోన్ ఎత్తింది.

“చిన్నమ్మా, నేను శోభను. ఈ టైముల అడగొద్దు. కాక రాసిపెట్టిన నంబర్లు… బీ నెగెటివ్ గావాలె.”

ఆబిదా ఫోన్ చెవికి ఆనించుకునే లేచి ముందు గదిలోకి పోయింది. మూడు రోజులుగా అక్కడికి పోలేదు. బల్ల మీద కాగితం అలాగే ఉంది. కళ్లద్దాలు లేకుండా దూరంగా పట్టుకుని పై నుంచి వేలితో వెతికింది. ఆయన రాత ఆమెకు అలవాటే. పెళ్లయిన కొత్తలో నస్పూర్ నుంచి రాసిన ఉత్తరాలూ ఇలాగే ఉండేవి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి. చిట్టచివర దొరికింది.

“యమున,” అంది. “రాసుకో బిడ్డా.” ఒక్కో అంకె తెలుగులోకి మార్చుకుంటూ, తప్పు పోకుండా రెండు సార్లు చదివింది.

యమున వచ్చింది, రక్తమిచ్చింది. ఆ తల్లి బతికిందో లేదో ఆబిదాకు ఎవరూ చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక ఆమె లోపలికి వెంటనే పోలేదు. కాగితాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సరిచేసింది. యమున పేరు కింద ఆయన గీత గీసి, తర్వాత వచ్చే పేరు కోసం నలభై మూడు అని అంకె వేసి ఉంచాడు. దాని పక్కన ఏమీ రాసి లేదు.